పదో తరగతి ఫలితాలు: బడికీ బడికీ ఎందుకింత తేడా?

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా 93.90 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. దానికి దగ్గర్లోనే ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాసైంది 47.64 శాతం. రాష్ట్రంలో అదే ఆఖరు. రెండూ 2022లో ఒకేసారి ఏర్పడిన జిల్లాలు. రెండింట్లోనూ కొండలున్నాయి, ఏజెన్సీ గూడేలున్నాయి, ఆశ్రమ పాఠశాలలున్నాయి. పుస్తకాలు ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే, పరీక్ష రోజులూ ఒకటే. అయినా ఒకచోట దాదాపు అందరూ గట్టెక్కితే, ఇంకోచోట సగం మంది పైగా తప్పారు.

తెలంగాణలోనూ అదే నెలాఖరున ఇలాంటి దృశ్యమే కనిపించింది. తండాలు, గూడేలు ఎక్కువగా ఉన్న మహబూబాబాద్ జిల్లా 99.29 శాతంతో ముందు నిలిచింది. హైదరాబాద్‌కు దగ్గర్లో ఉన్న వికారాబాద్ 73.97 శాతంతో చివరికి వెళ్లింది.

బడుల ఫలితాల్లో తేడా ఎందుకని అడిగితే పేదరికం, మారుమూల ప్రాంతం, తల్లిదండ్రులకు చదువు లేకపోవడం అని మనకు అలవాటైన జవాబు ఒకటి ఉంది. అది తప్పని కాదు. చాలావరకు నిజమే. కానీ పై నాలుగు జిల్లాలను ఆ ఒక్క జవాబుతో వివరించడం కుదరదు. ఇంకో అలవాటైన జవాబు టీచర్లు పని చేయడం లేదన్నది. ఫలితాలొచ్చిన వారం రోజుల్లో హెడ్మాస్టర్లకు మెమోలు వెళ్లేది ఈ నమ్మకంతోనే. ప్రైవేటు బడి గోడ మీద ఫ్లెక్సీ లేచేది కూడా ఈ నమ్మకంతోనే, కాకపోతే తలకిందులుగా: మా బడి బాగుంది కాబట్టే మా పిల్లలకు ఇన్ని మార్కులు అని.

నిజానికి పాస్ శాతం అనే ఒక్క అంకెలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. పరీక్ష ఎంత కష్టంగా, ఎంత కట్టుదిట్టంగా జరిగింది? పరీక్ష గదిలోకి ఏ పిల్లలు వచ్చి కూర్చున్నారు? ఆ పిల్లలకు బడి ఏం నేర్పింది? మనం మొదటి రెండింటినీ వదిలేసి, మెచ్చుకోలైనా నిందైనా మొత్తం మూడోదాని ఖాతాలో వేస్తున్నాం.

మొదటి సంగతి చూద్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పాస్ శాతం 94.88. కరోనా వల్ల 2020, 2021లో పరీక్షలే లేవు, అందరినీ పాస్ చేశారు. 2022లో మళ్లీ పరీక్ష పెడితే 67.26 శాతం వచ్చింది. అంటే ఒక్కసారిగా 27 పాయింట్లకు పైగా పడిపోయింది. బడులు అవే, టీచర్లలోనూ ఎక్కువ మంది వాళ్లే. మారింది పిల్లలు దాటివచ్చిన రెండేళ్లు, మారింది పరీక్ష పద్ధతి. ఇంటర్నల్ మార్కులు, బిట్ పేపరు తీసేశాక జరిగిన మొదటి పబ్లిక్ పరీక్ష అది. సరిగ్గా అదే ఏడాది తెలంగాణలో 90 శాతం పాసయ్యారు. కరోనా అక్కడి పిల్లలకూ వచ్చింది, బడులు అక్కడా మూతపడ్డాయి. అయితే అక్కడ సిలబస్‌ను 70 శాతానికి తగ్గించారు, ప్రశ్నల్లో చాయిస్ పెంచారు. అప్పటికి ఎనిమిదేళ్ల కిందటి వరకూ ఒకే బోర్డు కింద ఉన్న బడుల మధ్య ఒక్క ఏడాదిలో ఇంత అంతరం వచ్చిందంటే, అదంతా చదువులో తేడా అనుకోవడం పొరపాటు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పరీక్ష మొదలవగానే ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో బయటికొచ్చి, టీచర్లు అరెస్టయిన సంగతీ గుర్తుంచుకోవాలి. నిఘా గట్టిగా ఉన్న సెంటర్‌కూ, చూసీచూడనట్టు వదిలేసిన సెంటర్‌కూ మధ్య తేడా కూడా చివరికి బడి పేరు మీదే జమ అవుతుంది.

ఇక పరీక్ష గదిలోకి వచ్చేది ఎవరు? అసలు కథ చాలావరకు ఇక్కడే ఉంది.

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం మొదలైంది. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెటూరి పేద పిల్లల్లోంచి ఎంట్రన్స్ పెట్టి బాగా చదివేవాళ్లను ఏరి, హాస్టల్లో పెట్టి చదివించడం వాటి పద్ధతి. అక్కడి నుంచి ఎంతమంది ఐఏఎస్‌లు, డాక్టర్లు, ఇంజినీర్లు అయ్యారో రెండు రాష్ట్రాల్లోనూ కథలుగా చెప్పుకుంటారు. ఇప్పటికీ గురుకులాల్లో ఐదో తరగతికి, నవోదయలో ఆరో తరగతికి ప్రవేశ పరీక్షలున్నాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ సగటు 67 దగ్గర ఉన్నప్పుడు కూడా రెసిడెన్షియల్ బడుల్లో 90 శాతం దాటి పాసయ్యారు. మామూలు ప్రభుత్వ బడుల్లో అది 50 శాతం దగ్గరే ఆగిపోయింది. ఈ నలభై పాయింట్ల తేడాలో గురుకులం కష్టం ఎంత, ప్రవేశ పరీక్ష ముందే చేసిపెట్టిన ఏరివేత ఎంత? ఉదయం స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, మూడు పూటలా అన్నం, పక్కనే టీచరు. ఇవన్నీ గట్టి సాయమే, అందులో అనుమానం లేదు. కానీ వడ్లను ముందే చెరిగి పోసిన గాదెనూ, తాలూ గింజా కలిసిన కుప్పనూ ఒకే కాటాలో తూచి, ఇది మంచిది, అది చెడ్డది అంటే న్యాయం ఎక్కడుంటుంది? ప్రవేశ పరీక్షలో నెగ్గని పిల్లవాడు ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకే వస్తాడు. ఆ బడికి ఎవరినీ కాదనే హక్కు లేదు. ఉండకూడదు కూడా.

ప్రైవేటు బడుల్లో ఏరివేత ఇంకో రకంగా జరుగుతుంది. ఫీజు కట్టగలగడం మొదటి జల్లెడ. పిల్లల చదువు మీద తపన ఉన్న తల్లిదండ్రులు కావడం రెండోది. మూడోది తొమ్మిదో తరగతి చివర్లో వస్తుంది. లెక్కల్లో వెనకబడిన పిల్లవాడి తండ్రిని పిలిచి, వేరే బడి చూసుకోండని టీసీ చేతికివ్వడం చాలా ఊళ్లలో అందరికీ తెలిసిన పనే. పిల్లలను చదివించేది ఒక బడిలో, హాల్‌టికెట్ ఇప్పించేది మరో గుర్తింపు ఉన్న బడి పేరుతో అన్న ఏర్పాట్లూ ఉన్నాయి. ఇలా బయటికి వచ్చిన పిల్లలు జూన్‌లో ప్రభుత్వ బడిలో చేరతారు. మార్చిలో వాళ్లు తప్పితే ఆ తప్పు చేర్చుకున్న బడిదవుతుంది.

జల్లెడను తీసేసి చూస్తే ఏమవుతుందో తెలుసుకునే ప్రయత్నం మన దగ్గరే జరిగింది. 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో 180 గ్రామాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లల్లో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు లాటరీ తీసి, తగిలినవాళ్లను ప్రైవేటు బడికి పంపి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ బడుల్లో ఆ వయసుకు హిందీ చెప్పేదే అంతంతమాత్రం. ఇందులో ప్రైవేటు బడుల పక్షాన చెప్పాల్సిన మాటా ఉంది: ఒక్కో పిల్లవాడి మీద అవి పెట్టిన ఖర్చు ప్రభుత్వ ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఇది చిన్న తరగతుల సంగతి కాబట్టి దీన్ని తీసుకెళ్లి పదో తరగతికి అలాగే అతికించకూడదు. కానీ పైకి కనిపించే తేడాలో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అన్నది విడదీసి చూడాలని ఇది గట్టిగా చెబుతోంది.

అమెరికాలో 1966లో జేమ్స్ కోల్‌మన్ బృందం దాదాపు ఆరు లక్షల మంది పిల్లలను పరిశీలించి ఇదే దారిలో ఒక మాట చెప్పింది: పిల్లల మార్కుల్లో తేడాలకు బడి వసతుల కన్నా ఇంటి పరిస్థితే ఎక్కువ కారణమని. ఆ మాటను పట్టుకుని, అయితే బడి ఏం చేసినా ఒకటేనని కొందరు అనుకున్నారు. దానికి జవాబు తర్వాత లండన్ నుంచి వచ్చింది. ఆ సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. ముందు పరీక్ష గది దాకా రాని పిల్లల మాట.

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో సుగ్గికి పోవడం, అంటే పని కోసం వలస వెళ్లడం, అనే మాట వినని ఇల్లు ఉండదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు వానలు సరిగ్గా పడని ఏడాది పంట చేతికి రాదు. దసరా దాటాక పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయలు కోయడానికి కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు, తెలంగాణ వైపు లారీలెక్కుతాయి. బియ్యం మూట, గిన్నెలు, దుప్పట్లు, వాటి మీద పిల్లలు. పదో తరగతి పిల్లను అవ్వ దగ్గర వదిలేస్తారు, లేదంటే ఒక చెయ్యి సాయమని తీసుకెళ్తారు. మిరప కోతలు సాగేదీ, పదో తరగతి పరీక్షలు జరిగేదీ ఒకే కాలంలో. పేరు హాజరు పట్టీలో ఉంటుంది, మనిషి మిరప చేలో ఉంటుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ మొత్తం 86.69 శాతం పాసైతే కర్నూలు 62.47తో ఆఖరున ఉండటానికి ఉన్న కారణాల్లో వలసను చూడకుండా ఎవరైనా మాట్లాడితే అది అన్యాయం. ఇలాంటి ఊళ్లో ఒక హెడ్మాస్టరు ముందు రెండు దారులుంటాయి. నవంబర్ నుంచి రాని పిల్ల పేరు కొట్టేస్తే బడి పాస్ శాతం పెరుగుతుంది. తల్లికి ఫోన్ చేసి, సీజనల్ హాస్టల్లో చోటు చూపించి, ఫిబ్రవరిలో పిల్లను వెనక్కి రప్పించి పరీక్ష రాయిస్తే శాతం తగ్గే ప్రమాదం ఉంది. రెండో పని చేసిన మనిషికి మెమో ఇచ్చి, మొదటి పని చేసిన మనిషికి శాలువా కప్పే లెక్క మనది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెప్పుకోవాలి. నలుగురే పదో తరగతి రాసే బడిలో ఒకరు తప్పితే 75 శాతం, ఎవరూ తప్పకపోతే వంద. ఇద్దరే ఉండి ఇద్దరూ తప్పితే సున్నా. నూట ఇరవై మంది రాసే బడికి వందా కష్టమే, సున్నా అంతకన్నా కష్టం. వంద శాతం బడులు, సున్నా శాతం బడులు అని ప్రతి ఏడాదీ వేసే పట్టికల్లో పిల్లల సంఖ్య పక్కన వేయకపోతే ఆ పట్టిక ఎవరికీ పనికిరాదు. వంద వచ్చిన రెండు బడులు కూడా ఒకటి కావు. ఒకచోట పిల్లలకు 600కి సగటున 540 రావచ్చు, మరోచోట 300 రావచ్చు.

ఇప్పుడు బడి లోపలికి వెళ్దాం. తొమ్మిదో తరగతి గదిలో 612ని 6తో భాగించమని అడిగితే నోట్‌బుక్కుల్లో ఎక్కువగా కనిపించే తప్పు జవాబు 12. ఆరులో ఆరు ఒకటిసార్లు, పన్నెండులో ఆరు రెండుసార్లు, అయిపోయింది. మధ్యలో ఒకటి ఆరుతో పోదు కాబట్టి అక్కడ సున్నా వేయాలన్నది నాలుగో తరగతిలో వదిలిపోయింది. ఆ పిల్లవాడు ఆ సున్నా లేకుండానే ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది దాటొచ్చాడు. ఇప్పుడు అతని ముందు వర్గ సమీకరణాలు, త్రికోణమితి ఉన్నాయి. టీచరుకు సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్ ఉంది. 612 దగ్గరికి వెనక్కి వెళ్లడానికి ఎవరికీ పీరియడ్ లేదు. ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2023లో దేశంలోని కొన్ని గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను చూసినప్పుడు, పావు వంతు మంది రెండో తరగతి స్థాయి పాఠాన్ని సొంత భాషలో తడుముకోకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43 శాతం మందే. పదో తరగతిలో తప్పే పిల్లవాడు మార్చిలో తప్పడం లేదు. ఐదారేళ్ల ముందే తప్పి ఉన్నాడు, మార్చిలో ఆ సంగతి బయటపడుతోంది.

దీని మీద ఇంగ్లీషు మీడియం వచ్చి పడింది. రెండు రాష్ట్రాల్లోనూ పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. పిల్ల తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటుంది, పరీక్షలో ఇంగ్లీషు పేజీ భాషలో రాయాలి. కిరణజన్య సంయోగక్రియ ఏమిటో నోటితో చక్కగా చెప్పగలిగే పిల్ల, పేపర్ మీద మూడు వాక్యాలు కూడబలుక్కుని ఆగిపోతుంది. ఇంగ్లీషు కావాలని తల్లిదండ్రులు కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఇంట్లో ఆ భాష కాస్త వినపడే పిల్లలకూ, బడిలో తప్ప ఎక్కడా వినపడని పిల్లలకూ మధ్య దూరం మాత్రం దీనివల్ల పెరిగింది. అది కూడా బడుల మధ్య తేడాగానే పైకి తేలుతోంది.

తర్వాత టీచరు. ఉన్న టీచరు బాగా చెబుతున్నాడా లేదా అన్న చర్చ కన్నా ముందు, అసలు ఉన్నాడా అన్నది చూడాలి. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చాక, మళ్లీ పెద్ద డీఎస్సీ 11,062 పోస్టులతో 2024లోనే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. రెండుచోట్లా ఆరేడేళ్ల ఎండ. ఈలోగా రిటైరయ్యేవాళ్లు రిటైరవుతూనే ఉన్నారు. ఆ ఖాళీలు అన్ని బడుల మీదా సమానంగా పడలేదు. టౌన్ దగ్గరి బడికి బదిలీ కోరుకునేవాళ్లు ఎక్కువ: ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) ఎక్కువ, సొంత పిల్లల చదువుకు వీలు, బస్సు సౌకర్యం. అందుకని ఖాళీ ముందుగా పడేది రోడ్డు చివరి ఊళ్లో, నిండేది అందరికన్నా ఆఖర్న. లెక్కల టీచరు లేని బడిలో ఫిజిక్స్ సారు లెక్కలు చెబుతారు, ఆయన పీరియడ్లు బయాలజీ మేడం తీసుకుంటారు. జూన్‌లో బడి తెరిస్తే సర్దుబాటు పేరుతో పక్క బడి నుంచి టీచరు వచ్చేసరికి సెప్టెంబర్ దాటుతుంది. పదో తరగతికి పది నెలలు కూడా లేవు, అందులో మూడు నెలలు లెక్కల పాఠమే లేకపోతే ఆ బడికి మెమో ఇచ్చి ఏం లాభం?

ఇంత చెప్పాక కూడా, బడి చేయగలిగింది చాలా ఉంది. 1979లో మైఖేల్ రట్టర్ బృందం లండన్ లోపలి ప్రాంతంలోని 12 హైస్కూళ్ల మీద తన పరిశీలన వెలువరించింది. చేరిన పిల్లల స్థాయిని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ బడుల మధ్య తేడా మిగిలింది. ఆ తేడా భవనం పాతదా కొత్తదా అన్నదాంట్లో లేదు. హోంవర్క్ ఇచ్చి దాన్ని చూస్తున్నారా, పాఠం వేళకు మొదలవుతోందా, పిల్లలను మెచ్చుకుంటున్నారా, టీచర్లంతా కలిసి ఒక పద్ధతి మీద నిలబడుతున్నారా అన్నవాటిలో ఉంది. కోల్‌మన్ మాటకు అసలు జవాబు ఇదే. మన బడుల్లో కూడా అనుభవం ఉన్న టీచరును అడిగితే చెప్పే గుర్తులు ఇవే: నోట్‌బుక్కులో ఎర్ర సిరా తేదీతో సహా ఉందా, రెండు రోజులు రాని పిల్లవాడి ఇంటికి ఎవరైనా వెళ్లారా, హెడ్మాస్టరు బడిలోనే ఉంటున్నారా, మండలాఫీసు మీటింగుల్లో ఉంటున్నారా.

అయితే ఒత్తిడి అంతా పాస్ శాతం మీదే ఉన్నప్పుడు బడి వేరే పని నేర్చుకుంటుంది. సంక్రాంతి సెలవులయ్యాక పదో తరగతి గదిలో ఏం జరుగుతుందో చూడండి. పిల్లలను గ్రేడులుగా విడగొడతారు. డి గ్రేడ్ పిల్లలను టీచర్లు తలా ఐదుగురిని దత్తత తీసుకుంటారు. సాయంత్రం స్పెషల్ క్లాస్, స్నాక్స్, స్లిప్ టెస్ట్. లెక్కల్లో గ్రాఫు, నిర్మాణం. సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్. సైన్స్‌లో నాలుగు బొమ్మలు. వచ్చే అవకాశం ఉన్నవన్నీ ఏరి మినిమమ్ మెటీరియల్ అని జిరాక్స్ తీసి చేతికిస్తారు. ముప్పై ఐదు దాటించడమే లక్ష్యం. చీకటి పడ్డాక ఆ పిల్లలను ఇళ్లకు పంపి, తాళం వేసి ఆఖరి బస్సు అందుకునే టీచర్ల కష్టాన్ని తక్కువ చేయలేం. ఆ ముప్పై ఐదు వల్ల ఒక పిల్ల కాలేజీలో చేరి, పెళ్లి రెండేళ్లు వాయిదా పడిందంటే అది చిన్న సంగతి కాదు. కానీ ఆ నెలల్లో పక్క గదిలో తొమ్మిదో తరగతి ఖాళీ పీరియడ్లతో కూర్చుని ఉంటుంది. లెక్కల టీచరు పదో తరగతిలో ఉన్నారు కాబట్టి వాళ్లకు 612 లెక్క ఈ ఏడాదీ సరికాదు. వచ్చే సంక్రాంతికి డి గ్రేడ్ వరుసలో కూర్చునేది వాళ్లే. ఒక ఏడాది ఫలితాన్ని మరుసటి ఏడాది నుంచి అప్పు తెచ్చుకుంటున్నామన్నమాట.

అందుకే బడిని కొలవాల్సింది పిల్లలు చేరుకున్న చోటును బట్టి మాత్రమే కాదు, బయల్దేరిన చోటు నుంచి ఎంత దూరం నడిచారన్నదాన్ని బట్టి. ఇంగ్లండ్‌లో 2016 నుంచి హైస్కూళ్లను ఇలా కొలిచే పద్ధతి ఒకటి వాడారు: పదకొండేళ్లకు ప్రాథమిక బడి చివర పిల్లవాడు ఎక్కడున్నాడు, పదహారేళ్లకు ఎనిమిది సబ్జెక్టుల్లో ఎక్కడికి వచ్చాడు, అదే స్థాయిలో బయల్దేరిన మిగతా పిల్లలతో పోలిస్తే ఎలా ఉన్నాడు అని. దానికీ లోపాలున్నాయి, విమర్శలూ వచ్చాయి. కానీ ఏరుకోని బడికి దానివల్ల కొంత న్యాయం దొరుకుతుంది. మన దగ్గర ప్రతి పిల్లవాడికీ నంబరుంది, ఆరో తరగతి నుంచి ఏడాది పొడవునా బడిలో పెట్టే పరీక్షల (ఎఫ్ఏ, ఎస్ఏ) మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తూనే ఉన్నాం. వాటిని వరుసగా పెట్టి చూసే పని మాత్రం చేయడం లేదు.

వికారాబాద్‌నే మళ్లీ తీసుకోండి. 2023లో అక్కడ పాసైంది 59.46 శాతం. 2024లో 65.10. 2025లో 73.97. మూడేళ్లూ తెలంగాణలో ఆఖరి స్థానమే, మూడేళ్లూ పత్రికల్లో అదే హెడ్డింగ్. ఆ రెండేళ్లలో రాష్ట్ర సగటు 86.60 నుంచి 92.78కి, అంటే ఆరు పాయింట్లు పెరిగితే, వికారాబాద్ పద్నాలుగు పాయింట్లకు పైగా పెరిగింది. ఆ పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏ మండలాల్లో, ఏ బడుల్లో? కొత్త టీచర్లు రావడం వల్లా, పిల్లలు బడికి రావడం పెరగడం వల్లా, స్పెషల్ క్లాసుల వల్లా, లేక రాయలేని పిల్లలు ముందే తగ్గిపోవడం వల్లా? ఆఖరి స్థానం ఎవరిదని కాకుండా ఈ ప్రశ్నలు పట్టుకుని ఆ జిల్లా బడులకు వెళ్లాలి. పార్వతీపురం బడులకూ, అల్లూరి జిల్లా కేంద్రమైన పాడేరు వైపు బడులకూ ఇవే ప్రశ్నలతో వెళ్లాలి. వెళ్లాల్సింది మేలో కాదు, జూన్‌లో, బడి తెరిచిన మొదటి వారంలో, ఆరో తరగతి గదికి. ప్రతి పిల్లతోనూ ఒక పేరా చదివించి, 612ని 6తో భాగించమని ఒక కాగితం ఇచ్చి, ఆ కాగితాన్ని పదో తరగతి హాల్‌టికెట్ వచ్చేదాకా ఆ పిల్ల పేరు మీద దాచి ఉంచాలి.